ఫారోలకు వావివరసలు లేవా? మన మేనరికమూ అదేనా?

కొత్తపేట కుర్రాడు
నిన్న ఆఫీసు క్యాంటీన్లో గొడవైంది, మీరే తీర్పు చెప్పాలి. మా టీంలో లక్నో అబ్బాయి ఒకడున్నాడు. ఎవరో ఈజిప్టు మీద వీడియో ఒకటి చూపించారు. రాజులు సొంత చెల్లెళ్ళనే పెళ్ళి చేసుకునేవాళ్ళట, రక్తం కల్తీ కాకూడదనట. నేను ఛీ అన్నాను. వాడు వెంటనే "నువ్వెందుకు ఛీ అంటావ్, మీ అమ్మానాన్నలు కజిన్సే అని నువ్వేగా చెప్పావు" అన్నాడు. టేబుల్ అంతా నవ్వులు. మా అమ్మ మా నాన్నకి సొంత మేనమామ కూతురు, నిజమే. కానీ అదీ ఇదీ ఒకటెలా అవుతుంది? "వరస వేరురా" అందామంటే వరసకి హిందీలో నాకు మాట దొరకలేదు. ఇంతకీ ఆ వీడియోలో చెప్పింది నిజమేనా? ఫారోలంతా అంతేనా? జనం ఊరుకున్నారా?

గ్రీకువీధి
సగం నిజం, సగం వ్యూస్ కోసం. ఫారోలు అని 3,000 ఏళ్ళని ఒకే సంచిలో వేస్తే ఎలా? అన్ని వంశాల్లోనూ లేదు, ఉన్న వంశంలోనూ ప్రతి రాజూ చేసుకోలేదు. అసలు వరసపెట్టి చేసుకున్నది చివర్లో వచ్చిన టాలమీలు. వాళ్ళు ఈజిప్షియన్లే కారు, మాసిడోనియా నుంచి వచ్చిన గ్రీకులు. రాత్రికి వచ్చి రాస్తాను, మీటింగ్ ఉంది.

మిరపకాయ బజ్జీ
చెల్లెల్నే చేసుకుంటే కట్నం ఎవరిస్తారు? నాన్న ఈ జేబులోంచి తీసి ఆ జేబులో పెట్టుకుంటాడా?

పాత రాళ్ళు
బజ్జీ, నవ్వుతూ అన్నా పాయింటు మీదే ఉన్నావు. ఆస్తి ఇంట్లోంచి కదలకపోవడం ఇందులో పెద్ద భాగమే, దానికి తర్వాత వస్తాను.

ముందు "రక్తం కల్తీ కాకుండా" అన్న మాట సంగతి చూద్దాం. పాత పుస్తకాల్లో ఒక సిద్ధాంతం ఉండేది: ఈజిప్టులో సింహాసనం హక్కు కూతురి ద్వారా వస్తుంది, కాబట్టి రాజు కావాలంటే రాజు కూతుర్ని, అంటే అక్కనో చెల్లెల్నో, చేసుకోవాల్సిందే అని. వినడానికి బాగుంటుంది గానీ నిలవదు. మూడో అమెన్‌హోటెప్ ఉన్నాడు, క్రీ.పూ. 14వ శతాబ్దం, ఈజిప్టు బంగారంలో మునిగి తేలిన రోజులు. ఆయన పట్టపురాణి తియీ రాజు కూతురు కాదు. తండ్రి యూయా రథదళంలో అధికారి. ఈ సంగతి ఆయన దాచలేదు సరికదా చాటింపు వేశాడు. అరచేతిలో పట్టే పేడపురుగు ఆకారపు బిళ్ళలు చేయించి, అడుగున చెక్కించి పంచిపెట్టాడు. రాజు బిరుదులన్నీ అయ్యాక పట్టపురాణి తియీ పేరు, "ఆమె తండ్రి పేరు యూయా, ఆమె తల్లి పేరు తూయా", తర్వాత ఆమె ఎంతటి మహారాజు భార్యో, ఆయన రాజ్యం ఎల్లలు దక్షిణాన ఎక్కడో ఉత్తరాన ఎక్కడో. శుభలేఖలో "ఫలానా వారి పుత్రిక" అని వేసినట్టే అనుకోండి, రాయి మీద. ఇలాంటివి ఎన్నో మ్యూజియాల్లో ఉన్నాయి. ఆ అత్తమామల సమాధి 1905లో దాదాపు చెక్కుచెదరకుండా రాజుల లోయలోనే దొరికింది. రాజ్యం పెళ్ళాం వల్ల వచ్చేదైతే ఈ పెళ్ళి ఎలా జరిగింది?

అలాగని అసలు లేదనీ కాదు. 18వ వంశం మొదటి రాజు అహ్మోస్ సొంత తోబుట్టువు అహ్మోస్-నెఫెర్తారీని చేసుకున్నాడు. రెండో తుత్‌మోస్, హాత్‌షెప్సుత్ ఒకే తండ్రి పిల్లలు, తల్లులు వేరు. రెండో తుత్‌మోస్ తర్వాత గద్దెక్కిన మూడో తుత్‌మోస్ మాత్రం హాత్‌షెప్సుత్ కొడుకు కాదు, ఇసెత్ అనే చిన్న భార్య కొడుకు. రక్తం స్వచ్ఛతే ముఖ్యమైతే అతన్ని ఎవరు ఒప్పుకుంటారు?

అడ్డప్రశ్న
మేడం, మామూలు జనం కూడా చెల్లెళ్ళనే చేసుకునేవారని, ప్రేమ కవితల్లో ప్రియురాలిని చెల్లెలా అని పిలిచేవారని చదివాను. దాన్నేమంటారు?

పాత రాళ్ళు
సెనెత్ అని ఉంది ఆ మాట. తోబుట్టువు అనీ అర్థం, ప్రియురాలు, భార్య అనీ అర్థం. మన ఊళ్ళలో మొగుణ్ణి బావా అని పిలిచేవాళ్ళు ఎంతమంది! పెళ్ళికి ముందు ఏ చుట్టరికమూ లేకపోయినా బావే. 2,000 ఏళ్ళ తర్వాత ఎవరో మన పాటలు తవ్వి తీసి "తెలుగువాళ్ళందరూ మేనబావల్నే చేసుకున్నారు" అని రాస్తే ఎలా ఉంటుంది? ఇదీ అంతే. ఫారోల కాలంలో మామూలు ఇళ్ళలో సొంత తోబుట్టువుల పెళ్ళిళ్ళకి గట్టి ఆధారాలు చాలా తక్కువ.

అడ్డప్రశ్న
సరే, టూటన్‌ఖామెన్ మాటేమిటి? కాలు వంకర అనీ, అన్నాచెల్లెళ్ళకి పుట్టాడు కాబట్టేననీ అంటారుగా.

నైట్ డ్యూటీ
ఇది నా ఏరియా కాబట్టి దూరుతున్నా (పిల్లల వార్డులో పని). 2010లో ఆ మమ్మీల డీఎన్‌ఏ పరీక్షల ఫలితాలు వచ్చాయి. అతని తల్లిదండ్రులు సొంత అన్నాచెల్లెళ్ళు అన్నారు. ఆ తండ్రి మూడో అమెన్‌హోటెప్ కొడుకు అఖెనాటెన్ అని ఎక్కువమంది అభిప్రాయం, ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. టూటన్‌ఖామెన్ 19 ఏళ్ళకే పోయాడు. మలేరియా ఆనవాళ్ళు కనబడ్డాయి, ఎడమ పాదంలో లోపం ఉందన్నారు, సమాధిలో 130 దాకా చేతికర్రలు దొరికాయి. భార్య అంఖెసెనామున్ అతనికి తండ్రి వైపు సోదరి. సమాధిలోనే పుట్టకముందే పోయిన ఇద్దరు ఆడ శిశువుల మమ్మీలు కూడా చిన్న పెట్టెల్లో పెట్టి ఉన్నాయి.

కానీ ఒక్కటి. ఒక మనిషిని చూసి "ఈ లోపం ఆ పెళ్ళి వల్లే" అని ఏ డాక్టరూ తేల్చలేడు. లెక్క మాత్రం చెప్పగలం. సొంత తోబుట్టువులకి పుట్టిన బిడ్డలో సగటున 4వ వంతు జన్యువులు రెండు వైపులా ఒకే కాపీగా వస్తాయి. మేనమామ-మేనకోడలు అయితే 8వ వంతు. బావామరదళ్ళయితే 16వ వంతు. కుర్రాడూ, మీ లక్నో ఫ్రెండ్‌కి ఈ మూడు అంకెలు చెప్పు. ఒకటి కాదు, అలాగని సున్నా కూడా కాదు. మా ఓపీలో కేస్ షీటు మీద "బంధుత్వం: ఉంది/లేదు" అని గడి ఉంటుంది, చాలామంది అమ్మలు "మేనరికమే గానీ దూరం కాదండీ, సొంతమే" అని గర్వంగా చెబుతారు, నేను తల వంచుకుని టిక్ పెడతాను.

కొత్తపేట కుర్రాడు
థాంక్స్ డాక్టర్ గారూ, అంకెలు రాసుకున్నా. మరి రక్తం కోసం కాకపోతే ఎందుకు చేసుకున్నట్టు?

డల్లాస్ మావయ్య
నాకు తోచింది చెప్తాను, నేను చరిత్ర చదివినవాణ్ణి కాదు, తప్పైతే పాత రాళ్ళు మేడం దిద్దాలి. పోయినేడాది మా అమ్మాయి పెళ్ళి చేశాను. పీటల మీద కూర్చుని అల్లుడి కాళ్ళు పళ్ళెంలో పెట్టి కడిగాను. అతను నా ఆఫీసులో చేరితే నాకు మూడు మెట్లు కింద ఉండాల్సిన కుర్రాడు, అయినా ఆ పావుగంటా వాడు విష్ణుమూర్తి, నేను చెంబు పట్టుకున్నవాణ్ణి. పిల్లనిచ్చినవాడిది కింది చెయ్యి, మన దగ్గర అది చిన్నపిల్లాడికి కూడా తెలుసు.

ఇప్పుడు ఫారోని చూడండి. అమర్నా అనే చోట 1887లో మట్టి పలకలు దొరికాయి, రాజుల మధ్య ఉత్తరాలు, 300కి పైనే. బాబిలోన్ రాజు కదష్మన్-ఎన్లిల్ ఇదే అమెన్‌హోటెప్‌కి మీ అమ్మాయినివ్వండి అని రాశాడు. ఈజిప్టు రాజు కూతుర్ని అనాదిగా ఎవరికీ ఇచ్చింది లేదు అని జవాబు. అప్పుడు బాబిలోన్ ఆయన రాసినది చదివి నేను గట్టిగా నవ్వాను. సారాంశం ఏమిటంటే, నువ్వు రాజువి, నీ ఇష్టం, ఇస్తే కాదనేదెవరు? పోనీ కూతురు కాకపోతే మీ దేశంలో అందమైన పిల్లని ఎవరినైనా నీ కూతురే అని చెప్పి పంపు, ఈమె రాజు కూతురు కాదని ఇక్కడ ఎవడంటాడు?

అదీ పాపం దక్కలేదు. ఫారో తన కూతుళ్ళని ఎవరికీ ఇవ్వడు, అందరి కూతుళ్ళనీ తెచ్చుకుంటాడు. అందరికంటే పైచెయ్యి కావాలంటే ఎవరి కాళ్ళూ కడగకూడదు. మరి ఇంట్లో పుట్టిన ఆడపిల్లలు ఏమవ్వాలి? అన్నకో తమ్ముడికో చేయాలి, లేదా పెళ్ళి లేకుండా ఉంచాలి.

పాత రాళ్ళు
దిద్దేదేమీ లేదు మావయ్యగారూ, ఇంకాస్త కలుపుతాను. మూడో దారి కూడా ఉంది, వినడానికి ఇబ్బందిగా ఉంటుంది. ఇదే అమెన్‌హోటెప్ సొంత కూతురు సితామున్‌కి పట్టపురాణి బిరుదు ఇచ్చాడు. తర్వాత రెండో రామ్‌సెస్ కూడా బింత్-అనాత్ వంటి కూతుళ్ళకి ఆ బిరుదే ఇచ్చాడు. అది నిజం కాపురమా, పండగల్లో దేవత పాత్ర వేయడానికి ఇచ్చిన హోదానా అన్నది ఇప్పటికీ తెగని వాదన.

దేవతల సంగతీ ఉంది. ఒసిరిస్, ఐసిస్ తోబుట్టువులూ భార్యాభర్తలూ. దేవుళ్ళు చేసేది రాజు చేస్తే అతను మనిషి కాదని జనానికి చూపినట్టే. మనకి ఋగ్వేదంలో యముడూ యమీ కథ ఉంది చూడండి, అక్కడ చెల్లెలు అడిగితే అన్న ఒప్పుకోడు. వాళ్ళ కథలో ఒప్పుకున్నారు, అంతే తేడా.

మిరపకాయ బజ్జీ
మావయ్యగారూ, ఆ బాబిలోన్ రాజు మరి తన కూతుర్ని ఇచ్చాడా?

డల్లాస్ మావయ్య
బేరం పెట్టాడు! ఈ ఎండాకాలంలోనే నేనడిగిన బంగారం పంపితే పిల్లనిస్తా, గడువు దాటాక 3,000 టాలెంట్లు (అప్పటి తూకం) పంపినా తీసుకోను, పిల్లనివ్వను అని. ఫారో ఊరుకున్నాడా, ఇంకో ఉత్తరంలో దెప్పాడు, పక్క రాజుల దగ్గర బంగారం ముక్క రాబట్టుకోడానికి కూతుళ్ళనిస్తావు, భేష్ అని.

అన్నట్టు కదష్మన్-ఎన్లిల్ చెల్లెలు అప్పటికే ఫారో అంతఃపురంలో ఉంది. బతికుందో లేదో తెలియదు, చూసి రమ్మని దూతల్ని పంపాడు. ఫారో తన భార్యలందర్నీ నిలబెట్టి "అదుగో మీ ఆడపడుచు" అన్నాడట. వచ్చినవాళ్ళకి ఆమెని గుర్తుపట్టడం చేతకాలేదు. ఆమె మొహం ఎరిగినవాణ్ణి పంపాలి కదా అని తిరిగి ఫారోదే దబాయింపు. ఇది చదివాక మాత్రం నవ్వు రాలేదు. మా అక్కని దూరం ఇచ్చారు, మా నాన్న ఏడాదికోసారి వెళ్ళి చూసొచ్చేవాడు. అన్న పంపినవాళ్ళు ఎదురుగా నిలబడి నువ్వెవరో మాకు తెలియదంటే ఆవిడ ఏమనుకుని ఉంటుంది?

గ్రీకువీధి
మీటింగ్ అయింది, ఈ లోపల ఇంత రాసేశారా.

ఆ అంతఃపురాల గురించి ఒక మాట. సినిమాల్లో చూపించినట్టు ఈత కొలనూ, వింజామరలూ కాదు. ఫయ్యూమ్ దగ్గర గురోబ్ అనే చోట రాణివాసపు భవనం ఉండేది, అక్కడ దొరికిన కాగితాల్లో బట్టల నేత లెక్కలున్నాయి. ఆడవాళ్ళు పెద్ద ఎత్తున మేలురకం బట్ట నేయించేవారు, వాళ్ళకి భూములూ నౌకర్లూ ఉండేవి. మితన్నీ రాజకుమారి గిలుఖెపా వచ్చినప్పుడు 317 మంది ఆడవాళ్ళు వెంట వచ్చారని అమెన్‌హోటెప్ మళ్ళీ బిళ్ళలు చెక్కించాడు. 317 మందికి తిండీ పనీ ఎక్కడో చూపించాలిగా.

కుట్రలూ అక్కడే పుట్టేవి. మూడో రామ్‌సెస్ మీద చిన్న రాణి ఒకావిడ (ఈవిడ పేరూ తియీ లాగే పలుకుతారు, వేరే మనిషి) తన కొడుకుని గద్దెక్కించాలని కుట్ర పన్నింది. విచారణ కాగితాలు దొరికాయి. రాజు నిజంగా చచ్చాడా లేదా అని చాలాకాలం వాదించుకున్నారు, 2012లో మమ్మీని స్కాన్ చేస్తే మెడ చుట్టిన గుడ్డల కింద గొంతు ఎముక దాకా కోసి ఉంది.

ఇక టాలమీలు. రెండో టాలమీ క్రీ.పూ. 275 ప్రాంతంలో తన సొంత అక్క రెండో అర్సినోయీని చేసుకున్నాడు. ఆమెకిది మూడో పెళ్ళి. మొదట ముసలి రాజు లైసిమకస్‌. అతను పోయాక సవతి అన్న టాలమీ కెరౌనస్‌ని చేసుకుంటే వాడు ఆమె చిన్న కొడుకులిద్దరినీ చంపేశాడు. అక్కడినుంచి తప్పించుకుని పుట్టింటికి వచ్చింది. పుట్టింట్లో మొదటి భార్యని పక్కకి నెట్టి, తమ్ముడితో పెళ్ళి, నాణేల మీద బొమ్మ, గుళ్ళో పూజ. ఇద్దరినీ కలిపి "తోబుట్టువు దేవతలు" అన్నారు. వాళ్ళిద్దరికీ పిల్లల్లేరు, గద్దె మొదటి భార్య కొడుక్కే వెళ్ళింది, కాబట్టి "రక్తం" వాదన ఇక్కడా తుస్సే.

జనం ఊరుకున్నారా అని కుర్రాడు అడిగాడు కదా. గ్రీకులకి తల్లీ తండ్రీ ఒకటే అయిన తోబుట్టువులు పెళ్ళాడటం వికారమే. ఏథెన్స్‌లో తండ్రి ఒకడై తల్లులు వేరైతే చెల్లేది, అంతకు మించి కాదు. సోటాడీస్ అనే కవి ఈ పెళ్ళి మీద ఒక పచ్చి బూతు వాక్యం కట్టాడు, ఇక్కడ రాయను. జైల్లో పెట్టారు, తప్పించుకుంటే పట్టుకుని సీసపు పెట్టెలో పెట్టి సముద్రంలో ముంచేశారని పాత కథనం. థియోక్రిటస్ అనే ఇంకో కవి గ్రీకు దేవతలు జ్యూస్, హేరా దంపతులు కూడా తోబుట్టువులే కదా అని పొగడ్త రాశాడు. ఆయనకేం కాలేదు.

మిరపకాయ బజ్జీ
ఆ బూతు వాక్యం ప్రైవేట్ మెసేజ్‌లో పంపండి సార్, చరిత్ర కోసం.

అడ్మిన్
బజ్జీ, ఇది రెండో వార్నింగ్. ఈ దారంలో స్కూలు పిల్లలు కూడా చదువుతున్నారు.

అడ్డప్రశ్న
మావయ్యగారి కాళ్ళ సిద్ధాంతం బాగుంది గానీ, టాలమీలు కూతుళ్ళని బయట ఇచ్చారు కదా? సిరియాని ఏలిన సెల్యూకస్ వంశానికి ఇచ్చారు.

గ్రీకువీధి
ఇచ్చారు, తెచ్చుకున్నారు కూడా. అయిదో టాలమీకి సిరియా రాజు మూడో ఆంటియోకస్ కూతుర్ని తెచ్చారు, ఆమె పేరు క్లియోపాత్రా, ఈ వంశపు రాణుల్లో ఆ పేరు ఆమెతోనే మొదలు. కానీ ఇచ్చిన ప్రతిసారీ యుద్ధమో, వారసత్వం తగాదానో వెంట వచ్చింది. "మా అమ్మమ్మ మీ ఇంటి పిల్ల, మాకూ వాటా ఉంది" అనేవాడు పుట్టుకొస్తాడు. ఇంట్లోనే ఇచ్చుకుంటే ఆ వాటా అడిగే అల్లుడు ఉండడు. నా లెక్కలో అసలు కారణం అది.

అయితే బయటి అల్లుడు పోతే లోపలి తగాదా పెరిగింది. ఎనిమిదో టాలమీని జనం "బొజ్జ" అని పిలిచేవారు. అక్క రెండో క్లియోపాత్రాని చేసుకున్నాడు, ఆమెకి మొదటి పెళ్ళిలో పుట్టిన కూతుర్నీ చేసుకున్నాడు, ఇద్దరూ ఒకేసారి రాణులు. తల్లీ కూతుళ్ళు సవతులు! తర్వాత అక్కతో చెడి, తామిద్దరికీ పుట్టిన మెంఫిటీస్ అనే పిల్లాణ్ణి చంపించి ముక్కలు ఆమె పుట్టినరోజుకి పంపాడు. మనందరికీ తెలిసిన క్లియోపాత్రా ఏడో ఆమె, ఇద్దరు తమ్ముళ్ళని ఒకరి తర్వాత ఒకరిని పేరుకి చేసుకుంది. పెద్దవాడు ఆమెతో యుద్ధంలో పోయాడు, చిన్నవాడు అంతుచిక్కకుండా పోయాడు.

నైట్ డ్యూటీ
ఆ కుటుంబంలో జన్యుదోషాలతో పోయేంత తీరిక ఎవరికుంది.

డల్లాస్ మావయ్య
హహ. అడ్డప్రశ్న గారూ, నా సిద్ధాంతానికి ఇంకో సాక్ష్యం. ఒక ఫారో పోతే (టూటన్‌ఖామెనే అని చాలామంది అంటారు) విధవరాలు హిట్టైట్ రాజు సుప్పిలులియుమకి రాసింది: నా భర్త పోయాడు, కొడుకు లేడు, నీకు చాలామంది కొడుకులట, ఒకణ్ణి పంపు, నా మొగుడవుతాడు, నా సేవకుణ్ణి మాత్రం చేసుకోను. ఆయన నమ్మలేదు. నిజమో కాదో చూసిరమ్మని మనిషిని పంపాడు. నిజమే అని తేలాక జన్నాంజా అనే కొడుకుని పంపిస్తే దారిలోనే చంపేశారు. బయటి అల్లుణ్ణి తెస్తే ఇల్లు ఊరుకోదు!

అడ్డప్రశ్న
ఒప్పుకున్నాను, కానీ ఇది పెద్దోళ్ళ జబ్బే అనుకోకండి. రోమన్లు ఈజిప్టుని పట్టుకున్నాక 14 ఏళ్ళకోసారి ఇంటింటి జనాభా లెక్క రాయించారు. అలాంటి కాగితాలు 300 దాకా మిగిలాయి. అందులో 6 పెళ్ళిళ్ళకొకటి, కొందరి లెక్కలో 5కొకటి, తోబుట్టువుల మధ్యే. రైతులు, ఊళ్ళలో మామూలు జనం. మరి దానికేమంటారు?

పాత రాళ్ళు
మంచి దెబ్బ కొట్టారు. నిజమే, క్రీ.శ. మొదటి మూడు శతాబ్దాలు అలాంటి కాగితాలున్నాయి. పెంచుకున్న కొడుక్కి సొంత కూతుర్నివ్వడం అయ్యుంటుందని, అంటే మన ఇల్లరికం లాంటిదని, ఒకరు వాదించారు. చాలామంది ఒప్పుకోలేదు గానీ నాకు పూర్తిగా కొట్టిపారేయాలనిపించదు, కొడుకుల్లేని ఇళ్ళు ఎన్ని ఉంటాయో తెలుసుగా. ఆక్సిరింకస్ అనే ఊళ్ళో దొరికిన చిన్న పాపిరస్ చీటీ ఒకటుంది. హెరాయిస్ అనే ఆవిడ రేపు 5వ తారీఖు, తొమ్మిదో గంటకి, తన ఇంట్లో తన పిల్లల పెళ్ళి విందుకి రమ్మని పిలుస్తోంది. పెళ్ళికొడుకు పేరు లేదు, పెళ్ళికూతురి పేరు లేదు, వియ్యంకుల ఊసే లేదు. తన పిల్లలిద్దరికీ ఒకరితో ఒకరికి పెళ్ళి చేస్తోందని చాలామంది చదువుతారు. వియ్యంకులు లేని పెళ్ళి, ఆలోచించండి, ఎంత ఖర్చు మిగులు, ఎన్ని అలకలు తప్పాయో!

ఈజిప్టులో కొడుకులతోపాటు కూతుళ్ళకీ ఆస్తిలో వాటా ఉండేది. రెండెకరాల పొలం, ఇంట్లో రెండు గదులు పంచితే ఏం మిగులుతుంది? బజ్జీ మొదట్లో అన్న రెండు జేబుల మాట ఇదే.

గ్రీకువీధి
రోమన్లకి సొంతానికి మాత్రం ఇదంతా అసహ్యం. కానీ క్లాడియస్ చక్రవర్తి క్రీ.శ. 49లో అన్న కూతురు అగ్రిపినాని చేసుకోవాలనుకుంటే సెనేటు చేత చట్టమే మార్పించాడు. తర్వాత ఆ దారిలో నడిచినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. ఒక సైనికాధికారి అలా చేసుకుంటే చక్రవర్తి దంపతులు స్వయంగా పెళ్ళికి వెళ్ళారు, ఇలాంటి పెళ్ళిళ్ళు మామూలేనని చూపించుకోడానికి కాబోలు. తమాషా ఏంటంటే చట్టం అన్న కూతురికే చెల్లింది. అక్కచెల్లెళ్ళ కూతురు నిషిద్ధమే.

కొత్తపేట కుర్రాడు
ఆగండాగండి! మనకి అచ్చంగా తిరగేసి కదా? అక్క కూతుర్ని చేసుకుంటాం, అన్న కూతురు కూతురి వరస, ఆ మాటే నోట రాకూడదు.

పాత రాళ్ళు
అదే, నీ లక్నో స్నేహితుడికి చెప్పాల్సింది అదే. ఇంగ్లీషులో కజిన్ అంటే అందరూ ఒకే డబ్బాలో పడిపోతారు. తెలుగులో బాబాయి కూతురు చెల్లెలు, మేనత్త కూతురు మరదలు. డాక్టర్ గారి జన్యు లెక్కలో ఇద్దరూ 16వ వంతే. మన లెక్కలో ఒకామె రాఖీ కడుతుంది, ఇంకొకామె మూతి తిప్పుతుంది. కాబట్టి మేనరికంలో చూసేది రక్తం దూరం కాదు, ఇల్లు వేరా కాదా అని. అత్త పెళ్ళయి వేరే ఇంటికి వెళ్ళింది, ఆమె కూతురు ఆ ఇంటి పిల్ల.

లక్నో వాళ్ళకి ఇది వింతగా ఉండటం ఇవాళ్టిది కాదు. బౌధాయన ధర్మసూత్రంలోనే దక్షిణాది వాళ్ళ వింత ఆచారాలని ఒక జాబితా ఉంది: ఉపనయనం కానివాళ్ళతో కలిసి తినడం, భార్యతో కలిసి తినడం, చద్ది తినడం, మేనమామ కూతుర్నో మేనత్త కూతుర్నో చేసుకోవడం. ఉత్తరాది వాళ్ళకీ జాబితా ఉంది, ఉన్ని అమ్మడం, మద్యం తాగడం, ఆయుధాల వ్యాపారం, సముద్రం మీద వెళ్ళడం. ఎవరి ఆచారం వాళ్ళ దేశంలో చెల్లుతుంది, ఇక్కడిది అక్కడ చేస్తే తప్పు అన్న వాదన కూడా అక్కడే ఉంది.

మిరపకాయ బజ్జీ
చద్దన్నం, మరదలు. రెండువేల ఏళ్ళుగా మారలేదన్నమాట మనం. గర్వంగా ఉంది.

పాత రాళ్ళు
ఇక రాజులు కావాలంటే మన కృష్ణ ఒడ్డునే ఉన్నారు. విజయపురి ఇక్ష్వాకులు, క్రీ.శ. 3వ శతాబ్దం, ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్ళ కింద ఉన్న ఊరు. మొదటి రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, అశ్వమేధం చేసినవాడు. ఆయన చెల్లెళ్ళు చాంతిసిరి, హమ్మసిరి. ఆయన కొడుకు వీరపురుషదత్తుడి భార్యల్లో బాపిసిరి, ఛఠిసిరి ఇద్దరూ హమ్మసిరి కూతుళ్ళు. అంటే మేనత్త కూతుళ్ళు, అచ్చమైన మేనరికం, పేర్లతో సహా రాతి స్తంభాల మీద. చాంతిసిరి కూడా తర్వాతి శాసనంలో రాజుని తన అల్లుడు అంటుంది.

ఇప్పుడు మావయ్యగారి ఫారోతో పోల్చండి. చాంతిసిరిని ఇచ్చింది పూకీయ వంశపు మహాతలవరుడికి, అంటే కింద ఉన్న సామంతుడికి. ఫారో అయితే చచ్చినా ఇవ్వడు. వీళ్ళు ఇచ్చారు, మరుసటి తరంలో ఆమె కూతుర్ని వెనక్కి తెచ్చుకున్నారు. సామంతుడు అల్లుడు, తర్వాత వియ్యంకుడు, రెండు తరాలు కత్తి దూయడు. మూసిన గది కాదిది, కవ్వం తాడు లాగా అటూ ఇటూ తిరుగుతుంది. బయటి సంబంధాలూ మానలేదు. వాళ్ళింటి రాణి రుద్రధర భట్టారిక ఉజ్జయిని మహారాజు కూతురు. వీరపురుషదత్తుడి కూతురు కొడబలిసిరిని బనవాసి రాజుకిచ్చారు.

అడ్డప్రశ్న
ఇక్ష్వాకులంటే గుర్తొచ్చింది, బౌద్ధ గ్రంథాల్లో శాక్యుల పుట్టుక కథలో ఒక్కాకుడి (ఇక్ష్వాకుడే) కొడుకులు అడవికి వెళ్ళి, వంశం కలుషితం కాకూడదని సొంత అక్కచెల్లెళ్ళనే చేసుకున్నారని ఉంది. బుద్ధుడే ఒక బ్రాహ్మణ కుర్రాడికి ఆ కథ గర్వంగా చెబుతాడు. విజయపురి రాణులు బౌద్ధ స్తూపాలు కట్టించినవాళ్ళు. వాళ్ళకి ఈ కథ తెలిసే ఉంటుందా?

పాత రాళ్ళు
అక్కడి శాసనంలో బుద్ధుణ్ణి ఇక్ష్వాకు వంశంలో పుట్టినవాడనే అన్నారు, కాబట్టి చుట్టరికం కలుపుకున్నట్టే. కానీ కథ కథే, వాళ్ళింట్లో మాత్రం అత్త కూతురే. గమనించండి, మీరు పట్టుకొచ్చిన ఆ ఒక్క కథలోనే "కలుషితం కాకూడదు" అన్న మాట దొరికింది. వీడియోవాళ్ళకి చెప్పకండి.

డల్లాస్ మావయ్య
ఈసారి ఇండియా వచ్చినప్పుడు ఆ నాగార్జునకొండకి వెళ్ళాలి. లాంచీ ఉంటుందా?

నైట్ డ్యూటీ
ఉంటుంది సార్, విజయపురి సౌత్ నుంచి. నీటిమట్టం, జనం బట్టి వదులుతారు, పొద్దున్నే వెళ్ళండి. దీవి మీద మ్యూజియంలో రాళ్ళ దగ్గర ఫ్యాన్ ఉండదు, నీళ్ళ సీసా పట్టుకెళ్ళండి.

కొత్తపేట కుర్రాడు
అప్డేట్. లక్నో వాడికి అంతా చెప్పాను. 4, 8, 16 కాగితం మీద రాసి చూపించాను, బౌధాయనుడి జాబితా చెప్పాను. వాడు చాలాసేపు ఆలోచించి "అయితే నీకు మరదలుందా" అన్నాడు. ఉంది, బీటెక్ ఫైనలియర్, నన్ను చూస్తే దానికి నవ్వు, మా ఇద్దరికీ ఆ ఉద్దేశం లేదు, ఇంట్లో వాళ్ళకీ డాక్టర్ గారి అంకెలు ముందే తెలుసు.

రాత్రి ఫోన్లో ఈ దారం అంతా మా అమ్మకి చదివి వినిపించాను. ఈజిప్టు దగ్గర "రామ రామ" అంది, బాబిలోన్ చెల్లెలి దగ్గర మాట్లాడలేదు. విజయపురి వచ్చేసరికి ఆపి అడిగింది, "చిన్నత్త కూతుళ్ళ పేర్లు చెప్పావు, ఆ పెద్దావిడ కూతురు పేరేంటి?" అని. పైకి వెళ్ళి వెతికాను, లేదు. పాత రాళ్ళు మేడం, మీరు రాయడం మర్చిపోయారా?

పాత రాళ్ళు
మర్చిపోలేదు నాన్నా. చాంతిసిరి అన్న పేరు చెక్కించింది, అల్లుడి పేరు చెక్కించింది, తన పేరు ఒక్కచోట కాదు ఎన్నో స్తంభాల మీద చెక్కించింది. కూతురి పేరు రాయించలేదు.